పాత ఏసీ బాగు చేయించాలా, మార్చాలా? మారిస్తే ఏది, డబ్బు ఎలా కట్టాలి? తిరుపతి, చిత్తూరు ఇళ్లకు లెక్కతో సహా

మార్చి దాటిందంటే తిరుపతిలో ఏసీ మెకానిక్ దొరకడం గగనం. పది, పన్నెండేళ్ల కిందట కొన్న ఏసీ సరిగ్గా అప్పుడే మొరాయిస్తుంది. ఇంట్లో పసిబిడ్డో, పెద్దవాళ్లో ఉంటే ఆలోచించే వ్యవధి ఉండదు. షాపుకు వెళ్లి, వాళ్లు చూపించిన మోడల్‌ను వాళ్లు చెప్పిన ఈఎంఐకే తెచ్చేసుకుంటాం. ఆ ఒక్క సాయంత్రపు తొందరకు చేతి నుంచి ఎనిమిది, పది వేలు అదనంగా పోవచ్చు. షాపు మెట్లు ఎక్కకముందే ఇంట్లో తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఏడాదికి ఎన్ని గంటలు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. రాత్రి 8 గంటల చొప్పున 200 రాత్రులు వేస్తే 1600 గంటలు. స్టార్ లేబుల్ మీద రాసే ఏడాది కరెంటు ఖర్చు కూడా ఈ 1600 గంటలకే లెక్కగడతారు. తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి వైపు ఇళ్లలో ఇది మామూలు వాడకమే. పలమనేరు, కుప్పం ఎత్తు మీదున్న ఊళ్లు. అక్కడ ఎండాకాలంలోనూ రాత్రికి గాలి చల్లబడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు 90 రాత్రులు వేస్తే చాలు, అంటే 720 గంటలు. ఈ రెండిళ్లకూ సరిపోయే ఏసీ ఒకటి కాదు.

మీ బిల్లు ఏ శ్లాబులో ఉంది. 2022–23 టారిఫ్‌లో ఖరారైన గృహ వినియోగ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31–75కు రూ.3, 76–125కు రూ.4.50, 126–225కు రూ.6, 226–400కు రూ.8.75, ఆపైన రూ.9.75. ఏసీ కాల్చే కరెంటు ఎప్పుడూ పై శ్లాబుల్లోనే పడుతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీలే కింది శ్లాబులను నింపేస్తాయి కదా. అందుకే 'సగటున యూనిట్ ఐదు రూపాయలు' అని లెక్క వేసుకుంటే తప్పుతుంది. ఏసీ వేయని డిసెంబరు, జనవరి బిల్లు తీసి చూడండి. అందులో ఉన్న యూనిట్ల పైన ఏసీ యూనిట్లు కలపండి.

గది. 10×12 అడుగుల గదికి, పైన ఇంకో అంతస్తు ఉంటే, ఒక టన్ను చాలు. అదే గది మిద్దె కిందుండి పడమటి గోడకు ఎండ తగిలేదైతే ఒకటిన్నర టన్ను కావాలి. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలుస్తారు. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 42 దాటినప్పుడు అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు. ఒకమాట: మిద్దె మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించడానికి అయ్యే ఖర్చు చాలా ఇళ్లలో అర టన్ను పెద్ద ఏసీ కొనడం కన్నా మేలు చేస్తుంది. ఆ మేలు ఏసీ వేయని పగటిపూట కూడా ఉంటుంది.

ఇల్లు సొంతమా, అద్దెదా. స్ప్లిట్ ఏసీని ఒక్కసారి విప్పి ఇంకో ఇంట్లో బిగించాలంటే విప్పే కూలీ, బిగించే కూలీ, కొత్త పైపు, కొంత గ్యాస్ కలిపి నాలుగైదు వేలు సులభంగా అవుతుంది. రెండేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లు దీన్ని ధరలో కలుపుకోవాలి.

## అసలు మార్చాల్సిందేనా?

'చల్లగా రావడం లేదు' అన్న ప్రతి ఏసీ చచ్చిపోయినట్టు కాదు. పాత నాన్-ఇన్వర్టర్ ఏసీల్లో (కంప్రెసర్ ఒకే వేగంతో నడుస్తూ, ఆగుతూ ఉండేవి; ఇన్వర్టర్ రకంలో వేగం అవసరాన్ని బట్టి మారుతుంది) బయట యూనిట్ ఫ్యాన్ తిరుగుతుంది, గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్ మాత్రం 'హుమ్' అని మూలిగి ఆగిపోతుంది. అలాంటప్పుడు ముందు చూడాల్సింది కెపాసిటర్, అంటే కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా. ఒకటిన్నర టన్ను యంత్రాల్లో సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫ్యారడ్ మధ్య ఉంటుంది, కొన్ని వందల రూపాయల వస్తువు. దాని నెత్తి ఉబ్బి ఉంటే కంటికే తెలుస్తుంది. మీటర్ పెట్టి కొలిస్తే డబ్బా మీద రాసినదాని కన్నా బాగా తక్కువ చూపిస్తుంది.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫిల్టర్ కడిగి, ఏసీని పావుగంట నడిపించి, మామూలు థర్మామీటర్‌తో లోపలికి పీల్చే గాలిని, బయటికి వచ్చే గాలిని కొలవండి. రెండింటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం బాగున్నట్టే, లోపం గదిలోనో సైజులోనో ఉంది. తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే బయటి కాయిల్‌కు దుమ్ము పట్టి ఉండాలి, లేదా గ్యాస్ తగ్గి ఉండాలి. ముందు ప్రెషర్ వాష్ చేయించి మళ్లీ కొలవండి. అప్పటికీ మారకపోతేనే గ్యాస్ మాట.

గ్యాస్ దానంతటదే 'అయిపోదు'. మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే ఖర్చు. 2012 ప్రాంతంలో కొన్న చాలా ఏసీల్లో ఉన్నది ఆర్-22 అనే రకం గ్యాస్. ఓజోన్ పొరకు హాని చేస్తుందని కొత్త ఏసీల తయారీలో దాన్ని ఆపేశారు. దొరికే ఆర్-22 ధర పెరుగుతోంది, స్వచ్ఛత మీద నమ్మకం తగ్గుతోంది.

కాబట్టి కెపాసిటర్, ఫ్యాన్ మోటార్, వాషింగ్, పీవీసీ డ్రెయిన్ పైపు లాంటివైతే బాగు చేయించుకోండి, వెనకాడొద్దు. కంప్రెసర్ పోయినా, లోపలి కాయిల్ చిల్లులు పడినా, పదేళ్లు దాటిన ఆర్-22 యంత్రం మీద ఇక పైసా పెట్టొద్దు. కొత్త కంప్రెసర్ వేసినా పాత కాయిల్, పాత మోటార్ అలాగే ఉంటాయి. ఒకటి బాగైతే ఇంకోటి వంతు వస్తుంది.

ఇక పాతది బాగానే చల్లబరుస్తోంది, 'కరెంటు ఆదా కోసం' మార్చేద్దామా అనుకునేవాళ్లు కింది లెక్క చూడండి.

## అసలు లెక్క

చిత్తూరులో ఒక ఇల్లు అనుకుందాం. ఏసీ లేకుండా నెలకు 180 యూనిట్లు. రాత్రి 8 గంటలు ఒకటిన్నర టన్ను ఏసీ. ఐఎస్ఈఈఆర్ అంటే ఒక యూనిట్ కరెంటుకు ఆ యంత్రం సీజన్ మొత్తంలో ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె. అది ఎంత పెద్దదైతే అంత మంచిది.

| | పాత నాన్-ఇన్వర్టర్ | ఐఎస్ఈఈఆర్ 3.9 ఇన్వర్టర్ | ఐఎస్ఈఈఆర్ 5.1 ఇన్వర్టర్ |
|---|---|---|---|
| 1600 గంటలకు యూనిట్లు (సుమారు) | 1350 | 985 | 755 |
| నెలకు ఏసీ యూనిట్లు | 200 | 148 | 113 |
| ఇంటి మొత్తం యూనిట్లు | 380 | 328 | 293 |
| ఎనర్జీ చార్జీలు | రూ.2,373 | రూ.1,918 | రూ.1,612 |

స్థిర చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు వీటి మీద అదనం. మే నెలలో మూడు ఏసీల అంకెలూ ఇంకాస్త పైకి పోతాయి, తేడా కూడా పెరుగుతుంది.

ఇప్పుడు 3.9 ఏసీ ధర 38 వేలు, 5.1 ధర 46 వేలు అనుకుందాం. రెండింటికీ నెలకు తేడా సుమారు రూ.306. ఏడాదికి 200 రాత్రులు వేసే ఇంట్లో అది రెండు వేలు దాటుతుంది. అదనంగా పెట్టిన 8 వేలు నాలుగేళ్లలో తిరిగొచ్చేస్తాయి, ఆపైన మిగులే. 90 రాత్రులే వేసే ఇంట్లో ఏడాదికి మిగిలేది రూ.918. ఎనిమిది వేలు రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. ఈలోగా పీసీబీ (ఇన్వర్టర్ ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు) ఒక్కసారి పోయినా ఆదా అంతా దానికే సరి. ఏసీతో కలిపి కూడా 225 యూనిట్లు దాటని ఇంటికి ఈ లెక్క ఇంకా పల్చబడుతుంది. అక్కడ మిగిలే ప్రతి యూనిట్ విలువ ఆరు రూపాయలే.

బాగా నడుస్తున్న పాత ఏసీని తీసేసి 3.9 తెచ్చుకుంటే, 200 రాత్రుల ఇంట్లోనే ఏడాదికి మిగిలేది మూడు వేల చిల్లర. 38 వేలు రావాలంటే పన్నెండేళ్లు. అంటే కేవలం కరెంటు ఆదా కోసం నడిచే ఏసీని మార్చడం డబ్బు లెక్కన నిలవదు. పగలు, రాత్రి కలిపి రోజుకు 14, 15 గంటలు వేసే ఇల్లు, మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లు మాత్రం ఇందుకు మినహాయింపు. అక్కడ 5.1 పెట్టుబడి అయిదేళ్లలోపే తిరిగొస్తుంది.

## ఏ ఇంటికి ఏది

ఎక్కువ ఐఎస్ఈఈఆర్ ఇన్వర్టర్ స్ప్లిట్. సొంతిల్లు, తిరుపతి లాంటి వేడి ఊరు, బిల్లు 225 దాటే కుటుంబం. ఇందులో రెండో మాటకు తావు లేదు. ఒకటే జాగ్రత్త, పీసీబీ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద చూడండి. 'కంప్రెసర్ పదేళ్లు' అని అందరూ పెద్దక్షరాలతో రాస్తారు. కానీ ఇన్వర్టర్ ఏసీల్లో తరచుగా పోయేది, పోతే వేలల్లో ఖర్చు పెట్టించేది పీసీబీ. దానికి అయిదేళ్లు ఇచ్చే మోడల్‌కు రెండు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

మధ్యస్థం ఐఎస్ఈఈఆర్ ఇన్వర్టర్ స్ప్లిట్. వేసవి మూడు నెలలే వాడేవాళ్లు, చుట్టాలు వస్తేనే తెరిచే గది, పలమనేరు, కుప్పం వైపు ఇళ్లు. మిగిలిన డబ్బులో మంచి పైపు, మంచి వైరింగ్ చేయించుకోండి.

కిటికీ ఏసీ. అద్దె ఇంట్లో ఉండి తరచుగా మారేవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. గ్యాస్ పైపుల తలనొప్పి లేదు, ఇద్దరు మనుషులు ఎత్తి కొత్త కిటికీలో పెడితే పని అయిపోతుంది. చప్పుడు ఎక్కువ, కరెంటు ఎక్కువ. కిటికీ కొలత, ఇంటాయన ఒప్పుకోలు ముందు చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్. తెలిసినవాళ్ల ఇంట్లో నడుస్తుండగా చూసి కొంటే తప్ప వద్దు. విప్పి షాపులో గోడకు ఆనించి పెట్టిన యూనిట్‌కు లీకు ఉందో లేదో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

బ్రాండు గురించి చాలామంది అడిగేది శ్రీసిటీ మాట. డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీల ఫ్యాక్టరీలు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఉన్నాయి. సంతోషమే. కానీ ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన మీ వీధికి మెకానిక్ తొందరగా రాడు. మీరు అడగాల్సింది ఒక్కటే: మే నెలలో ఫిర్యాదు ఇస్తే మీ ఊరికి ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు, అతను కూర్చునేది ఏ ఊళ్లో? ఆ బ్రాండే వాడుతున్న పొరుగువాళ్లను అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.

## స్టార్లను కాదు, అంకెను చదవండి

స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లు స్టార్ల కొలతను కొన్నేళ్లకోసారి బిగిస్తారు. 2018లో 5 స్టార్‌కు ఐఎస్ఈఈఆర్ 4.5 చాలు. 2022 జూలై నుంచి స్ప్లిట్ ఏసీకి 5.0 కావాల్సి వచ్చింది. 2026 జనవరి నుంచి మళ్లీ బిగించారు. అంతకు ముందు 5 స్టార్ అంటించుకున్న యంత్రం ఆ తర్వాత అన్ని స్టార్లతో కనిపించకపోవచ్చు. యంత్రం మాత్రం అదే. షాపులో పాత లేబుల్, కొత్త లేబుల్ పక్కపక్కనే ఉన్నప్పుడు స్టార్లను పోల్చడం అర్థం లేని పని. లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్, ఏడాదికి యూనిట్లు, ఏ కాలానికి చెల్లుబాటు అన్న మూడూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత లేబుల్ స్టాకు మంచి తగ్గింపుతో వస్తే నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ధర విషయంలో ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అన్నీ కలిపి 40 వేలున్న ఏసీ దీంతోనే సుమారు 36,900కు దిగాలి. అంతకు ముందు ధరను చూపించి 'మూడు వేలు తగ్గించాం' అంటే అది షాపు ఇచ్చిన తగ్గింపు కాదు. కొనడానికి మంచి కాలం నవంబరు నుంచి జనవరి. అప్పుడు ధరా దిగుతుంది, బిగించే మెకానిక్‌కు తీరికా ఉంటుంది.

## డబ్బు కట్టే దారులు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, 'వడ్డీ లేని ఈఎంఐ' అన్న మాట దగ్గర. షాపువాళ్లను రెండు ధరలు విడివిడిగా అడగండి: 'ఇప్పుడే మొత్తం కడితే ఎంత? ఈఎంఐలో ఎంత?'

మొత్తం కడితే 38 వేలు, ఈఎంఐలో నెలకు 4 వేల చొప్పున 10 కంతులు, పైన ప్రాసెసింగ్ ఫీజు 500 అన్నారనుకోండి. వడ్డీ సున్నా అని రాసి ఉంటుంది. కానీ మీరు కట్టేది 40,500. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుందని గుర్తుపెట్టుకుని లెక్కిస్తే ఇది ఏడాదికి 14 శాతం పైమాట, మన భాషలో నూటికి రూపాయి ఇరవై పైసల వడ్డీ. అదే పది కంతుల్లో రెండు ముందే కట్టమంటే? ఆ రోజే 8,500 మీ చేతి నుంచి పోతుంది. నిజంగా అప్పు ఇచ్చింది 29,500కే. వడ్డీ ఏడాదికి 22 శాతానికి ఎగబాకుతుంది, అంటే నూటికి రూపాయి ఎనభై అయిదు పైసలు. కట్టే మొత్తం రూపాయి కూడా మారలేదు. గడువు కుదించినందుకే ఇంత తేడా.

| దారి | ఎవరికి | చూడాల్సింది |
|---|---|---|
| రొక్కం, యూపీఐ | పొదుపు ఉన్నవాళ్లు | అత్యవసరానికి దాచినది కదపొద్దు |
| క్రెడిట్ కార్డు ఈఎంఐ | కార్డు మీద తక్షణ తగ్గింపు వస్తే | వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఫీజు |
| షాపులో ఫైనాన్స్ | కార్డు లేనివాళ్లు | ముందస్తు కంతులు, బలవంతపు ఇన్సూరెన్సు, ఫైనాన్స్ కంపెనీ అంటగట్టే కార్డు ఫీజు |
| బ్యాంకు బంగారు రుణం | నగ ఉండి, మధ్యలో డబ్బు చేతికొచ్చేవాళ్లు | గడువు తేదీ |
| చీటీ | నెలలు చివరికొచ్చిన చీటీ ఉంటే | పాటలో పోయేది ఎంత |

బంగారు రుణం మన దగ్గర చాలా ఇళ్లు తొక్కే దారే. 38 వేలకు 9 శాతం వడ్డీతో పది నెలలు కదపకుండా ఉంచితే రూ.2,850 అవుతుంది. పైన చెప్పిన మామూలు ఈఎంఐలో పోయే 2,500 కన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. నిజమే, శాతం తక్కువైనా అసలు అలాగే ఉండిపోవడం వల్ల. దీని లాభమంతా మధ్యలో కట్టడంలో ఉంది. పంట డబ్బో, బోనసో అయిదో నెలలో వచ్చి సగం కట్టేస్తే వడ్డీ రెండు వేల దగ్గరికి దిగుతుంది. అలా కట్టలేమనుకుంటే నగను కుదవ పెట్టొద్దు. ఏసీ కోసం ఇంట్లోంచి పోకూడనిది అది.

చీటీ పాడి ఏసీ కొనడం మొదటి నెలల్లో అయితే చాలా ఖరీదు. ప్రైవేటులో నూటికి రెండు రూపాయలకు తెచ్చే అప్పు ఏడాదికి 24 శాతం. దాని కన్నా రెండు కంతులు ముందే తీసుకునే షాపు ఫైనాన్సే కొంత నయం.

చేతిలో 20 వేలే ఉండి, పాత ఏసీ కెపాసిటర్‌తో లేచి కూర్చుంటే ఈ వేసవికి దాన్నే నడిపించండి. నెలకు నాలుగు వేలు పక్కన వేస్తూ పోతే నవంబరుకు రొక్కం సిద్ధం. ఏ ఈఎంఐ కన్నా ఇది మేలైన బేరం.

## బిగించేటప్పుడు

మంచి ఏసీని చెడగొట్టేది ఈ రెండు గంటలే. పాత రాగి పైపునే వాడదామంటే ఒప్పుకోవద్దు. ఆర్-22 యంత్రాల నూనె వేరు, ఇప్పటి ఆర్-32 గ్యాస్ యంత్రాల నూనె వేరు, పాత నూనె పైపు లోపల అంటుకుని ఉంటుంది. పైగా ఆర్-32 ఒత్తిడి ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లు మించి ఉంటుంది. పలచబడ్డ పాత పైపు వంపుల దగ్గర విచ్చుకుంటుంది. సాధారణంగా ఏసీతో మూడు మీటర్ల పైపు వస్తుంది. ఆపైన అడుగుకు ఎంతో, స్టాండుకు ఎంతో ముందే రాయించుకోండి.

పైపు బిగించాక లోపలి గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టాలి, కనీసం 15, 20 నిమిషాలు. పంపు తీసుకురాకుండా కాస్త గ్యాస్ వదిలి 'గాలి తోలేశాను' అంటే ఆపేయండి. లోపల మిగిలిన తేమ నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగును తినేస్తుంది. అది బయటపడేసరికి ఏడాది దాటిపోవచ్చు. ఆర్-32కు మంటంటుకునే గుణం కొద్దిగా ఉంది, కాబట్టి గదిలో అగరొత్తులు, దీపం లేకుండా చూసుకోండి.

వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది, విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్), సరైన ఎర్తింగ్. ఊరి చివర ఇళ్లలో మూడు సాయంత్రాలు వోల్టేజీ చూడండి. ఏసీ మీద రాసిన పరిధికి బయటికి పోతుంటే స్టెబిలైజర్ తప్పదు. బయట యూనిట్ వదిలే వేడిగాలి ఎదురు గోడకు కొట్టుకుని మళ్లీ లోపలికే వచ్చే ఇరుకు సందులో పెట్టించొద్దు. కొండ పక్క కాలనీల్లో కోతులు పైపు మీది నల్ల ఇన్సులేషన్ పీకేస్తాయి, పీవీసీ గొట్టంలో పోనివ్వండి.

పాతదాన్ని విప్పేటప్పుడు గ్యాస్‌ను గాల్లోకి వదలనివ్వొద్దు. కంప్రెసర్ నడుస్తుండగా సన్న పైపు వాల్వు మూసి, గేజు సున్నాకు దగ్గరయ్యాక లావు పైపు వాల్వు మూసి, వెంటనే స్విచ్ ఆపాలి. గ్యాస్ అంతా బయట యూనిట్లోనే ఉండిపోతుంది. కంప్రెసర్ నడిచే స్థితిలో ఉన్న యూనిట్‌కు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చే ధరను బయటి పాత సామాను కొనేవాళ్లు చెప్పే ధరతో పోల్చి చూడండి. లోపలి రాగి కాయిళ్ల వల్ల ఒక్కోసారి వాళ్లే ఎక్కువిస్తారు.

మెకానిక్ గడప దాటకముందు లోపలి, బయటి యూనిట్ల సీరియల్ నంబర్లు రెండూ బిల్లు మీద ఉన్నాయో లేదో సరిచూడండి. పావుగంట నడిపించి అదే థర్మామీటర్ పెట్టి కొలవండి, పీల్చే గాలికీ వదిలే గాలికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో ఆ బిల్లు వెనకే తేదీతో రాసి పెట్టుకోండి.